ప్రాథమిక సాధ్యాసాధ్యాల అధ్యయనం (గనుల తవ్వకం)

ఒక ఖనిజ నిక్షేపాన్ని గనిగా అభివృద్ధి చేయడం సాంకేతికంగా వీలవుతుందా, ఆర్థికంగా గిట్టుబాటవుతుందా, చట్టం అందుకు అనుమతిస్తుందా అని పూర్తి స్థాయి పెట్టుబడికి ముందే పరిశీలించే అధ్యయనాన్ని ప్రాథమిక సాధ్యాసాధ్యాల అధ్యయనం అంటారు. ఇంగ్లీషులో దీనిని ప్రీ-ఫీజిబిలిటీ స్టడీ అంటారు. భూగర్భ శాస్త్రజ్ఞుల అన్వేషణ ముగిసిన తరువాత, సమగ్ర సాధ్యాసాధ్యాల అధ్యయనం మొదలు కావడానికి ముందు ఇది జరుగుతుంది. ప్రాజెక్టును కొనసాగించడమా, మార్చడమా, విరమించడమా అన్న నిర్ణయాన్ని తక్కువ ఖర్చుతో తీసుకోవడానికి తోడ్పడడం దీని ముఖ్య ప్రయోజనం.

ఈ అధ్యయనం ప్రాధాన్యాన్ని అర్థం చేసుకోవడానికి ఆంధ్ర ప్రదేశ్‌లోని అరకు లోయ, అనంతగిరి, చింతపల్లి ప్రాంతాల బాక్సైట్ నిక్షేపాలు మంచి ఉదాహరణ. ఇక్కడ ఖనిజం ఉన్నదనే విషయంలో సందేహం లేదు. అయినా దశాబ్దాల ప్రయత్నం తరువాత కూడా ఈ కొండలపై బాక్సైట్ గని ప్రారంభం కాలేదు. ఈ మన్యం ప్రాంతం 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ తేదీన పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది.

అన్వేషణ నుండి గని వరకు

ఖనిజం ఉన్నట్లు తెలిసిన నాటి నుండి తవ్వకం మొదలయ్యే వరకు సాధారణంగా ఈ క్రింది దశలు ఉంటాయి.

* అన్వేషణ: ఉపరితల సర్వే, నమూనాల సేకరణ, బోరు రంధ్రాల ద్వారా నిక్షేపం విస్తీర్ణాన్ని, మందాన్ని, నాణ్యతను తెలుసుకుంటారు.
* పరిధి అధ్యయనం: ఇతర గనుల అనుభవం ఆధారంగా వేసే తొలి లెక్క. ఖర్చుల అంచనాలో 30 నుండి 50 శాతం వరకు తేడా ఉండవచ్చు.
* ప్రాథమిక సాధ్యాసాధ్యాల అధ్యయనం: తవ్వకం పద్ధతి, శుద్ధి విధానం, రవాణా మార్గం వంటి వాటిలో ప్రత్యామ్నాయాలను పోల్చి, ఒకదానిని ఎంచుకుంటారు. అంచనాలో తేడా 20 నుండి 30 శాతం వరకు ఉండవచ్చు.
* సమగ్ర సాధ్యాసాధ్యాల అధ్యయనం: ఎంచుకున్న విధానానికి వివరమైన రూపకల్పన చేస్తారు. తేడా 10 నుండి 15 శాతానికి తగ్గుతుంది. బ్యాంకులు ఎక్కువగా ఈ నివేదిక ఆధారంగానే అప్పు ఇస్తాయి.
* నిర్మాణం, ఉత్పత్తి.

దశ దశకూ ఖర్చు పెరుగుతుంది, అనిశ్చితి తగ్గుతుంది. ఒక ప్రాజెక్టుకు మూలంలోనే అడ్డంకి ఉన్నట్లయితే అది ప్రాథమిక దశలో బయటపడితే నష్టం అధ్యయనం ఖర్చుకే పరిమితమవుతుంది. కర్మాగారం కట్టిన తరువాత బయటపడితే పెట్టుబడి అంతా చిక్కుకుపోతుంది.

అధ్యయనంలో పరిశీలించే అంశాలు

నిక్షేపం: ఖనిజం ఎంత ఉన్నది, ఎంత లోతున ఉన్నది, పైనున్న మట్టి, రాయి ఎంత తొలగించాలి అన్నవి మొదటి ప్రశ్నలు. బాక్సైట్ విషయంలో అల్యూమినా శాతంతో పాటు సిలికా శాతం కూడా కీలకం. సిలికా ఎక్కువైతే శుద్ధిలో వాడే కాస్టిక్ సోడా వృథా అవుతుంది.

శుద్ధి విధానం: బాక్సైట్ నుండి అల్యూమినాను బేయర్ పద్ధతిలో తీస్తారు. తూర్పు కనుమల బాక్సైట్‌లో గిబ్సైట్ అనే ఖనిజం ప్రధానం. ఇది తక్కువ ఉష్ణోగ్రత వద్దనే కాస్టిక్ ద్రావణంలో కరుగుతుంది కనుక శుద్ధికి ఇంధనం తక్కువ పడుతుంది. ఈ కొండల బాక్సైట్ సుమారు మూడు టన్నులు తవ్వితే ఒక టన్ను అల్యూమినా, రెండు టన్నుల అల్యూమినా నుండి ఒక టన్ను అల్యూమినియం లభిస్తాయి. ఈ లెక్కన సంవత్సరానికి 10 లక్షల టన్నుల అల్యూమినా తీసే కర్మాగారం 25 సంవత్సరాలు నడవాలంటే సుమారు 7.5 కోట్ల టన్నుల బాక్సైట్ కావాలి. అంత ఖనిజానికి హామీ లేనప్పుడు కర్మాగారం నిర్మించడం సాహసమే అవుతుంది.

విద్యుత్తు, నీరు, రవాణా: ఒక టన్ను అల్యూమినియం తయారీకి సుమారు 13,000 నుండి 15,000 యూనిట్ల విద్యుత్తు అవసరం. అందువలన అల్యూమినియం కర్మాగారాన్ని సాధారణంగా విద్యుత్తు చౌకగా దొరికే చోట, అల్యూమినా కర్మాగారాన్ని గనికి గాని ఓడరేవుకు గాని దగ్గరగా పెడతారు. అరకు మీదుగా వెళ్ళే కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం, విశాఖపట్నం ఓడరేవు ఈ ప్రాంతానికి ఉన్న అనుకూలతలు. ఈ రైలు మార్గాన్ని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికి 1960వ దశకంలో నిర్మించారు.

వ్యర్థాలు: ఒక టన్ను అల్యూమినా తీస్తే సుమారు ఒక టన్ను నుండి ఒకటిన్నర టన్ను వరకు ఎర్రమట్టి అనే క్షార గుణం గల వ్యర్థం మిగులుతుంది. దీనిని నిలువ చేయడానికి స్థలం, కట్టలు కావాలి.

మార్కెట్టు: లోహాల ధరలు స్థిరంగా ఉండవు. 2008 జూలైలో లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో టన్ను 3,000 డాలర్లకు పైగా పలికిన అల్యూమినియం 2009 తొలి నెలలలో 1,500 డాలర్ల కంటే దిగువకు పడిపోయింది. అందువలన ధర తగ్గితే, ఖర్చు పెరిగితే, అనుమతి ఆలస్యమైతే లాభనష్టాలు ఎలా మారతాయో విడివిడిగా లెక్క కడతారు.

భూమి, చట్టం, ప్రజలు: భూమి ఎవరిది, దానిపై ఎవరికి ఏ హక్కులున్నాయి, ఏ అనుమతులు కావాలి, స్థానికులు అంగీకరిస్తారా అన్న ప్రశ్నలు ఈ భాగంలోకి వస్తాయి. చాలా నివేదికలలో ఇది చివరి అధ్యాయంగా ఉంటుంది. విశాఖ మన్యంలో మాత్రం ప్రాజెక్టుల భవితవ్యాన్ని నిర్ణయించినది ఇదే.

ఖనిజ వనరు, ఖనిజ నిల్వ

వ్యవహారంలో ఈ రెండు మాటలను ఒకే అర్థంలో వాడినా గనుల శాస్త్రంలో వీటికి తేడా ఉన్నది. భూమిలో ఉన్నట్లు అంచనా వేసిన ఖనిజం వనరు. అందులో ప్రస్తుత పరిస్థితులలో లాభసాటిగా, చట్టబద్ధంగా తవ్వి తీయగలిగిన భాగం మాత్రమే నిల్వ. వనరును నిల్వగా మార్చడానికి కావలసిన ఆధారాన్ని సమకూర్చేది సాధ్యాసాధ్యాల అధ్యయనమే. ఆస్ట్రేలియాలో వాడే జార్క్ నియమావళి 2012 కూర్పు ప్రకారం నిల్వలను ప్రకటించాలంటే కనీసం ప్రాథమిక సాధ్యాసాధ్యాల అధ్యయనం జరిగి ఉండాలి.

భారత దేశంలో ఐక్యరాజ్య సమితి రూపొందించిన వర్గీకరణను అనుసరిస్తారు. ఇందులో ప్రతి నిక్షేపానికి మూడు అంకెల సంకేతం ఉంటుంది. మొదటి అంకె ఆర్థిక లాభసాటితనాన్ని, రెండవది సాధ్యాసాధ్యాల అధ్యయనం స్థాయిని, మూడవది భూగర్భ అన్వేషణ స్థాయిని తెలుపుతాయి. రెండవ అంకె 2 అయితే ప్రాథమిక అధ్యయనం జరిగినట్లు అర్థం. ఉదాహరణకు 121, 122 సంకేతాలు సంభావ్య నిల్వలను సూచిస్తాయి. అధ్యయనం జరిగినా ప్రస్తుతం తవ్వడం గిట్టుబాటు కాదని తేలిన ఖనిజం 221, 222 సంకేతాలతో వనరుగానే మిగులుతుంది. అందువలన ఒక కొండలో ఇన్ని కోట్ల టన్నుల ఖనిజం ఉన్నదని చదివినప్పుడు అది వనరా, నిల్వా అని గమనించడం అవసరం.

భారతీయ చట్టాలలో స్థానం

2006 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌ను జారీ చేసింది. దీని ప్రకారం పర్యావరణ అనుమతి కోరేవారు దరఖాస్తుతో పాటు ప్రాథమిక సాధ్యాసాధ్యాల నివేదికను సమర్పించాలి. దాని ఆధారంగా నిపుణుల సంఘం ఏ ఏ విషయాలను అధ్యయనం చేయాలో నిర్ణయిస్తుంది. ఆ తరువాత పర్యావరణ ప్రభావ అంచనా, ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతాయి. నివేదికలో ఏయే అంశాలు ఉండాలో తెలుపుతూ మంత్రిత్వ శాఖ 2010 డిసెంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చింది.

అటవీ భూమి అయితే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం క్రింద వేరుగా అనుమతి పొందాలి. ఐదవ షెడ్యూలు ప్రాంతాలలో వీటికి తోడు 1996 నాటి పంచాయితీల విస్తరణ చట్టం (పెసా), 2006 నాటి అటవీ హక్కుల చట్టం కూడా వర్తిస్తాయి. 2015లో గనులు, ఖనిజాల చట్టాన్ని సవరించి లీజులను వేలం ద్వారా ఇచ్చే విధానం ప్రవేశపెట్టారు. ప్రభుత్వ సంస్థలకు ప్రాంతాలను కేటాయించే వెసులుబాటు మాత్రం కొనసాగింది.

తూర్పు కనుమల బాక్సైట్ - ఒక ఉదాహరణ

నిక్షేపాలు

ఈ కొండలలోని ప్రధాన శిల పేరు ఖోండలైట్. ఈ ప్రాంతంలో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీద దీనికి ఆ పేరు పెట్టారు. లక్షల సంవత్సరాల పాటు వానకు, ఎండకు ఈ శిల శైథిల్యం చెంది, కరిగే పదార్థాలు కొట్టుకుపోగా కొండల చదునైన శిఖరాలపై బాక్సైట్ పొర మిగిలింది. నిక్షేపం పైభాగంలోనే ఉండడం వలన లోతుగా తవ్వవలసిన పని లేదు. విశాఖ మన్యంలోని నిక్షేపాలను రెండు సముదాయాలుగా చెబుతారు. అనంతగిరి సముదాయంలో గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది, కటికి ఉన్నాయి. చింతపల్లి సముదాయంలో జెర్రెల, సప్పర్ల, గూడెం ఉన్నాయి. రెండు సముదాయాలలో కలిపి 50 కోట్ల టన్నులకు పైగా బాక్సైట్ ఉన్నట్లు అంచనా.

తొలి అధ్యయనాలు

1970వ దశకంలో భారత భూగర్భ పరిశోధన సంస్థ సర్వేలతో తూర్పు తీరపు బాక్సైట్ ప్రాముఖ్యం వెల్లడైంది. తరువాత ఒడిషా నిక్షేపాలపై ఫ్రాన్స్‌కు చెందిన పెషినే సంస్థ సహకారంతో, ఆంధ్ర నిక్షేపాలపై సోవియట్ యూనియన్ సహకారంతో అధ్యయనాలు జరిగాయి. ఒడిషా ప్రాజెక్టు ముందుకు సాగింది. 1981లో నాల్కో సంస్థ ఏర్పడింది. 1985లో కోరాపుట్ జిల్లా పంచపత్మాలి కొండపై తవ్వకం మొదలైంది. మొదట సంవత్సరానికి 24 లక్షల టన్నుల బాక్సైట్, 8 లక్షల టన్నుల అల్యూమినా సామర్థ్యంతో గనిని, దామన్‌జోడి కర్మాగారాన్ని కలిపి రూపొందించారు. అక్కడి అల్యూమినా విశాఖపట్నం ఓడరేవు ద్వారా ఎగుమతి అవుతుంది. ఆంధ్ర ప్రాజెక్టు మాత్రం కార్యరూపం దాల్చలేదు. ఒకే రకమైన శిల, ఒకే రకమైన ఖనిజం ఉన్నా సరిహద్దుకు రెండు వైపులా ఫలితాలు వేరయ్యాయి.

సమత తీర్పు

మన్యంలో గిరిజనుల భూమిని కాపాడడానికి 1959లో భూ బదలాయింపు నిబంధన (1/59) వచ్చింది. 1970లో దానిని మరింత కట్టుదిట్టం చేసారు (1/70). షెడ్యూలు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయించడాన్ని ఇది నిషేధిస్తుంది. అనంతగిరి మండలంలో బొర్రా పరిసర గ్రామాల వద్ద ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన కాల్సైట్ తదితర గనుల లీజులపై సమత అనే స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానానికి వెళ్ళింది. 1997 జూలై 11న సుప్రీం కోర్టు మెజారిటీ తీర్పు ఇస్తూ, ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని పేర్కొన్నది. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ గాని, గిరిజనుల సహకార సంఘాలు గాని తవ్వకం చేపట్టవచ్చునని, నికర లాభంలో కనీసం 20 శాతాన్ని స్థానికుల అభివృద్ధికి శాశ్వత నిధిగా కేటాయించాలని సూచించింది. ధర్మాసనంలోని ముగ్గురు న్యాయమూర్తులలో కె.రామస్వామి, ఎస్.సఘీర్ అహ్మద్ ఈ తీర్పు ఇవ్వగా జి.బి.పట్నాయక్ విభేదించారు.

ఈ తీర్పుతో మన్యంలో సాధ్యాసాధ్యాల ప్రశ్నే మారిపోయింది. అప్పటి వరకు ఖనిజం నాణ్యత, రవాణా ఖర్చు వంటివి ముందు వచ్చేవి. తీర్పు తరువాత తవ్వేది ఎవరు అన్న ప్రశ్న అన్నిటికంటే ముందుకు వచ్చింది.

2005 - 2019 మధ్య పరిణామాలు

2005 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం జిందాల్ (జె.ఎస్.డబ్ల్యు.) సంస్థతో అవగాహన ఒప్పందం కుదుర్చుకున్నది. విజయనగరం జిల్లా శృంగవరపుకోట వద్ద సంవత్సరానికి 14 లక్షల టన్నుల అల్యూమినా కర్మాగారం దీని లక్ష్యం. 2007 ఫిబ్రవరిలో రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో మరొక ఒప్పందం జరిగింది. దీని ఫలితంగా ఏర్పడిన అన్‌రాక్ అల్యూమినియం సంస్థ మాకవరపాలెం మండలంలో 15 లక్షల టన్నుల సామర్థ్యం గల కర్మాగారాన్ని చేపట్టింది. సమత తీర్పు కారణంగా రెండు ఒప్పందాలలోను తవ్వకం బాధ్యతను రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకు అప్పగించి, కర్మాగారాలను షెడ్యూలు ప్రాంతానికి వెలుపల మైదానంలో ప్రతిపాదించారు. అనంతగిరి సముదాయం నుండి జిందాల్‌కు, జెర్రెల నుండి అన్‌రాక్‌కు బాక్సైట్ సరఫరా చేయాలన్నది ఆలోచన.

చట్టం అక్షరాలకు సరిపోయినట్లు కనిపించిన ఈ ఏర్పాటుపై మన్యంలో తీవ్ర వ్యతిరేకత వచ్చింది. ప్రభుత్వ సంస్థ పేరుతో తవ్వి ప్రైవేటు కర్మాగారాలకు ఇవ్వడం తీర్పు స్ఫూర్తికి విరుద్ధమని గిరిజన సంఘాలు వాదించాయి. 2012లో కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రి, అరకు లోక్‌సభ సభ్యుడు కిశోర్ చంద్రదేవ్ ఒప్పందాలను రద్దు చేయాలని కోరుతూ గవర్నరుకు లేఖ వ్రాసారు. కొండపై గనికి అనుమతులు తేలకముందే మాకవరపాలెంలో కర్మాగారం నిర్మాణం చాలా వరకు పూర్తయింది. ముడిఖనిజం లేక అది అనుకున్న విధంగా నడవలేదు.

2015 నవంబరు 5న రాష్ట్ర ప్రభుత్వం జి.ఓ. 97 ద్వారా చింతపల్లి, జెర్రెల రిజర్వు అడవులలో 1,212 హెక్టార్ల భూమిని తవ్వకానికి కేటాయించింది. నిరసనలు చెలరేగడంతో ఆ ఉత్తర్వు అమలును నిలిపివేసారు. 2019లో కొత్త ప్రభుత్వం దానిని రద్దు చేసింది. ఆ విధంగా ఒకవైపు కొండల్లో గని లేకుండా, మరొకవైపు మైదానంలో ఖనిజం లేని కర్మాగారం మిగిలాయి.

నియమగిరి అనుభవం

ఇటువంటిదే మరొక ఉదాహరణ తూర్పు కనుమలలోనే ఒడిషాలో ఉన్నది. నియమగిరి బాక్సైట్‌ను దృష్టిలో పెట్టుకుని వేదాంత సంస్థ లాంజిగఢ్ వద్ద కర్మాగారాన్ని నిర్మించింది. 2007లో ఉత్పత్తి మొదలైనా కొండపై గనికి అనుమతి రాలేదు. 2013 ఏప్రిల్ 18న సుప్రీం కోర్టు ఈ విషయంలో గ్రామసభల అభిప్రాయం తీసుకోవాలని తీర్పు చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాలలోని 12 గ్రామసభలూ తవ్వకాన్ని తిరస్కరించాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. లాంజిగఢ్ కర్మాగారం బయటి నుండి తెచ్చిన బాక్సైట్‌తో నడవవలసి వచ్చింది. గ్రామసభ సమ్మతి ఆఖరున పూర్తి చేసే లాంఛనం కాదని, ప్రాజెక్టు సాధ్యమా కాదా అని తేల్చే అంశమని ఈ ఉదంతం చూపింది.

నీరు, జీవనాధారం

మన్యం ప్రాజెక్టుల చర్చలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించినది నీటి విషయం. గోస్తనీ, శారదా నదులు అనంతగిరి కొండలలో పుడతాయి. గోస్తనీపై తాటిపూడి, శారదపై రైవాడ జలాశయాలు ఉన్నాయి. ఈ జలాశయాలు పొలాలతో పాటు విశాఖపట్నం నగరానికి కూడా నీరు అందిస్తాయి. శిఖరాలపై ఉన్న బాక్సైట్ పొర వాననీటిని పీల్చుకొని ఊటల రూపంలో ఏడాది పొడవునా విడుస్తుందని, ఆ పొరను తొలగిస్తే వేసవిలో గెడ్డలు ఎండిపోతాయని గిరిజనులు, పర్యావరణవేత్తలు చెబుతారు. తవ్విన చోట మట్టి నింపి మొక్కలు పెంచితే నీరు ఇంకడం తగ్గదని గనుల నిపుణులలో కొందరి వాదన. ఈ వాదనలలో ఏది నిజమో తేలాలంటే ఒక్కొక్క కొండ చుట్టూ ఉన్న ఊటలను గుర్తించి, వాన, చలి, ఎండ కాలాలు మూడింటిలోనూ వాటి ప్రవాహాన్ని కొలవాలి. పర్యావరణ అంచనాలకు సాధారణంగా వర్షాకాలం కాని ఒక ఋతువు సమాచారాన్ని మాత్రమే సేకరిస్తారు. ఊటల లెక్కకు అది చాలదు.

రెండవ అంశం జీవనాధారం. బగత, కొండదొర, వాల్మీకి, ఖోండు, పోర్జ, గదబ తదితర తెగలవారు ఇక్కడ వరి, రాగి, సామ, రాజమా, పసుపు పండిస్తారు. కొండవాలుల్లో నీడ చెట్ల క్రింద లక్ష ఎకరాలకు పైగా కాఫీ తోటలు, వాటిలో అంతర పంటగా మిరియాలు ఉన్నాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. గని ఆదాయం ఇరవై, ముప్పై ఏళ్ళకు పరిమితం. తోటలు, ఊటలు తరతరాలకు ఆదాయాన్నిస్తాయి. సాధ్యాసాధ్యాల లెక్కలో భవిష్యత్తు ఆదాయాన్ని నేటి విలువకు తగ్గించి చూపుతారు కనుక, ఎంతో కాలం తరువాత వచ్చే రాబడికి విలువ చాలా తక్కువగా కనిపిస్తుంది. గనికి అనుకూలంగా ఉన్న లెక్క ఊరికి అనుకూలంగా లేకపోవడానికి ఇది ఒక కారణం.

పరిమితులు, విమర్శలు

* అధ్యయనాన్ని ఎక్కువగా ప్రాజెక్టు ప్రతిపాదించేవారే తమ ఖర్చుతో చేయిస్తారు. ప్రాజెక్టు వద్దు అనే ముగింపు రావడం అరుదు.
* నివేదికలు సాధారణంగా ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు, కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే గ్రామాల వారికి అవి అందుబాటులో ఉండవు.
* గనిని, కర్మాగారాన్ని, రవాణాను వేరు వేరు ప్రాజెక్టులుగా చూపితే మొత్తం ప్రభావం ఒకచోట కనిపించదు. ఒక భాగానికి అనుమతి రాగానే పెట్టుబడి పెట్టి, తరువాత ఆ పెట్టుబడినే మిగతా అనుమతులకు కారణంగా చూపే అవకాశం ఉన్నది.
* భూమి, సమ్మతి వంటి అంశాలను డబ్బు లెక్కలో ఆలస్యంగా మాత్రమే చూపుతారు. అసలు వీలుకాకపోవచ్చు అన్న అవకాశాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఈ విమర్శల దృష్ట్యా, షెడ్యూలు ప్రాంతాలలో చట్టపరమైన అర్హతను, అటవీ హక్కుల గుర్తింపును, గ్రామసభ అభిప్రాయాన్ని బోరు రంధ్రాల ఫలితాలతో సమానంగా మొదటి దశలోనే పరిశీలించాలన్న సూచన ఉన్నది. దీని వలన ముందే వద్దని తేలే ప్రాజెక్టులు కొన్ని ఉండవచ్చు. అటువంటి చోట గిరిజనులకు ఏళ్ళ తరబడి ఆందోళన, పెట్టుబడిదారులకు నష్టం రెండూ తప్పుతాయి.

ఇవి కూడా చూడండి

* అరకు లోయ
* బాక్సైట్
* బొర్రా గుహలు
* కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం
* అల్లూరి సీతారామరాజు జిల్లా
* తూర్పు కనుమలు